మ్రింగుడు పడని నీరు

అన్నము తినునప్పుడో, మంచినీళ్ళు త్రాగునప్పుడో పొలమారుట ఎరుగనివారు ఉండరు. ప్రక్కనున్న పెద్దవారు నడినెత్తిన అరచేతితో తట్టి, "ఎవరో తలచుకొంటున్నారు" అందురు. ఆ తలచుకొన్నది మేనమామయా, మేనత్తయా అని తేలకమునుపే దగ్గు ఆ నీటిబొట్టును పైకి నెట్టివేయును. భోజనము మరల సాగును. ఇందులో మేలు చేసినది నెత్తిన తట్టిన చేయి కాదు, దగ్గు.

ఆ దగ్గు రానివారి గతి ఏమి? నీరు దారి తప్పి ఊపిరితిత్తులలోనికి దిగుచున్నను గొంతులో చిన్న గురగుర తప్ప మరే గుర్తును కనబడని రోగులు కలరు. పక్షవాతము వచ్చినవారిలోను, పార్కిన్‌సన్ వ్యాధి అను కంపవాతముతో బాధపడువారిలోను, డిమెన్షియా ముదిరి జ్ఞాపకము నశించిన వృద్ధులలోను ఇట్టివారు తరచుగా కనబడుదురు. వారికి గ్లాసెడు మంచినీళ్ళే అపాయము. అట్లని దాహము తీర్చకుండుట ఎట్లు? వారికి నీరు ఏ విధముగా ఈయవలెను, అసలు ఈయవచ్చునా అను ప్రశ్న చూచుటకు చిన్నదే. కాని నలుబది ఏండ్లకు పైగా వైద్యులు దీనికి సమాధానము వెదకుచున్నారు. ఆ వెదకులాటలో అందరును మేలైనదని నమ్మిన ఉపాయమొకటి, తీరా పరీక్షించి చూచునప్పటికి అనుకొన్నంత మేలు చేయలేదని తేలినది.

ఈ కథ తెలియవలెనన్న ముందు గుటక ఎట్లు పడునో తెలియవలెను.

నోటికి వెనుక, గొంతునకు పైభాగమున ఉన్న సంచివంటి చోటునకు గ్రసని అని పేరు. ఇది రెండు దారులు ఒకదానినొకటి దాటు కూడలి. ముక్కునుండి వచ్చు గాలి ఇచ్చట ముందునకు మరలి, స్వరపేటిక గుండా వాయునాళములోనికి పోవలెను. నోటినుండి వచ్చు ఆహారము వెనుకకు పోయి ఆహారవాహికలో దిగవలెను. రైలుపట్టాలను బండిదారి దాటు చోట గేటు ఉన్నట్లే ఇచ్చటను గేటు ఉన్నది. అయితే ఈ గేటు పడి లేచుట దినమునకు వందలసార్లు జరుగును. 1965లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో ఆరోగ్యవంతులు ఇరువదినాలుగు గంటలలో సగటున సుమారు 600 సార్లు గుటక వేయుచున్నట్లు లెక్క తేలినది. భోజనవేళ మాత్రమే కాదు, ఊరక కూర్చున్నప్పుడు కూడ నోటిలో ఊరు లాలాజలమును మ్రింగుచునే ఉందురు.

ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు మజాందీ 19వ శతాబ్ది ఆరంభమున మ్రింగుటను మూడు దశలుగా విభజించెను. ఆ విభజనయే నేటికిని పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది. మొదటిది నోటి దశ. ఇది మన వశములో ఉన్నది. ఇష్టమైనంతసేపు నమలవచ్చును, ఇష్టము లేనిచో ఉమిసివేయవచ్చును. నాలుక ముద్దను వెనుకకు నెట్టిన తరువాత మొదలగు రెండవ దశ మన వశములో లేదు. పాఠకుడు కంఠము ముందువైపున ముడివలె తగులు ఎముకవంటి భాగముపై వ్రేలు ఉంచి ఒక్క గుటక వేసినచో, అది చివాలున పైకి లేచి మరల క్రిందికి దిగుట తెలియును. పైకి లేచినది స్వరపేటిక. ఆ ఒక్క సెకనులో ఎన్ని పనులు జరుగునో చూడుడు. కొండనాలుకతో కూడిన మెత్తని అంగిలి లేచి ముక్కుదారిని మూయును. ఊపిరి ఆగును. స్వరతంతువులు రెండును దగ్గరకు చేరి వాయునాళపు ద్వారమును బిగించును. ఉపజిహ్విక అను ఆకువంటి మూత దానిపై వంగును. స్వరపేటిక పైకి, ముందునకు జరుగుటచే, ఎల్లప్పుడును మూసియుండు ఆహారవాహిక నోరు లాగబడి తెరచుకొనును. ముద్ద అందులో పడినంతనే అన్నియు యథాస్థానమునకు వచ్చును. ఊపిరి సాధారణముగా నిశ్వాసముతో మరల మొదలగును. సుమారు 30 జతల కండరములు ఈ పనిలో పాల్గొనును. వాటిని వరుస తప్పకుండ నడుపునది మెదడు అడుగుభాగమునందున్న మజ్జాముఖము. మూడవ దశలో ఆహారము 25 సెంటీమీటర్ల పొడవుగల ఆహారవాహికలో అలలవంటి కదలికతో దిగి, పది సెకనులలోపుగా జీర్ణాశయమును చేరును.

రెండవ దశలో వేగమే ప్రధానము. అన్నపు ముద్దను నాలుక నెట్టినకొలదియే అది కదలును. నీరు అట్లు కాదు. ఎవరును నెట్టకపోయినను వాలు దొరికినంతనే జారిపోవును. నరములు మందగించి గేటు అరసెకను ఆలస్యముగా మూసినచో ముద్దకు పెద్ద ప్రమాదము ఉండకపోవచ్చును గాని, నీరు అప్పటికే లోపల ప్రవేశించియుండును. గట్టిపదార్థము తినలేనివాడు నీరైనను త్రాగునని ఇంటివారు అనుకొనుట సహజము. మెదడు, నరముల జబ్బులలో సంగతి తరచుగా దీనికి తలక్రిందులుగా ఉండును. మెత్తగా మెదిపిన ఇడ్లీ దిగును, నీరు పొలమారును. ఆహారవాహికలో పుండో, గడ్డయో పెరిగి దారి ఇరుకైనప్పుడు మాత్రము మొదట అన్నము ఆగి, తరువాత నీరు ఆగును. కావుననే మ్రింగలేకున్నానని వచ్చిన రోగిని వైద్యుడు మొదట అడుగవలసిన ప్రశ్న: అడ్డుపడుచున్నది అన్నమా, నీరా?

పక్షవాతము వచ్చి మగతగా పడియున్న మనిషి నోట, గొంతు తడుపుటకని నీళ్ళు పోయుట మన ఇండ్లలో తరచుగా చూచుచున్నదే. ప్రేమతో చేయు పనియే. కాని ప్రమాదకరమైన పని. కెనడా దేశపు పరిశోధకురాలు రోజ్‌మేరీ మార్టినో బృందము అప్పటివరకు వెలువడిన పరిశోధనలన్నింటిని కూర్చి 2005లో ఒక సమీక్ష ప్రకటించినది. పక్షవాతము వచ్చినవారిని పైపైన పరీక్షించినచో నూటికి 37 నుండి 45 మందిలో మ్రింగుటయందు లోపము కనబడినది. పరికరములతో లోపలికి చూచినచో ఆ సంఖ్య 64 నుండి 78 వరకు పెరిగినది. ఈ రెండు లెక్కల నడుమ ఉన్న తేడాయే అసలు అపాయము. అంతమంది లోపము పైకి కనబడుట లేదన్నమాట. మ్రింగుట చెడినవారికి న్యుమోనియా వచ్చు అవకాశము తక్కినవారికంటె మూడు రెట్లు. ఆహారము నిజముగా వాయునాళములో దిగుచున్నట్లు రుజువైనవారికి పదకొండు రెట్లు.

లోపల జరుగునది కంటితో చూచుటకు తొలిదారి ఎక్స్-కిరణములు చూపినవి. 1895లో రాంట్‌జెన్ వాటిని కనుగొనిన మరుసటి సంవత్సరమే హార్వర్డు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్ ఆ కిరణములతో మ్రింగుటను చూడ సంకల్పించెను. ఆల్బర్ట్ మోజర్ అను సహాధ్యాయితో కలిసి ఒక పెద్దబాతుకు బిస్మత్ లవణము కలిపిన మేత పెట్టి, దాని పొడుగాటి మెడలో నల్లని నీడ దిగుటను తెరపై గమనించెను. పొడుగు మెడ ఉన్న పక్షిని ఎన్నుకొనుటలోనే ఆ కుర్రవాని తెలివి కనబడుచున్నది. ఆ ఫలితములు 1898లో వెలువడినవి. తరువాత బిస్మత్ స్థానమును బేరియము ఆక్రమించినది.

అయితే చిరకాలము వైద్యులు బేరియమును ఆహారవాహికలోను, జీర్ణాశయములోను పుండ్లు, గడ్డలు వెదకుటకే వాడిరి. ఒక్క సెకనులో దాటిపోవు గ్రసని దశను శ్రద్ధగా చూచి, దానిని చికిత్సకు ఆధారముగా చేసినవారిలో ముఖ్యురాలు అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెరి లోగెమన్. ఆమె వైద్యురాలు కాదు. మాటలోపములను సరిదిద్దు శాస్త్రమున పండితురాలు. మాటకును, గుటకకును నాలుక, పెదవులు, స్వరపేటిక ఉమ్మడి సొత్తు గనుక ఆమె దృష్టి ఇటు మరలుట వింత కాదు. రోగిని కూర్చుండబెట్టి, చెంచాడు పలుచని బేరియము, తరువాత చిక్కనిది, తరువాత బేరియము పూసిన బిస్కత్తుముక్క వరుసగా ఇచ్చి, ప్రతి గుటకను చలనచిత్రముగా తీయుట ఆమె పద్ధతి. తల వంచినచో ఏమగును, ప్రక్కకు త్రిప్పినచో ఏమగును అని అక్కడికక్కడే చూచెడివారు. 1983లో ఆమె ప్రచురించిన గ్రంథము ఈ రంగమునకు పునాదిగా నిలిచినది. 1988లో సూసన్ లాంగ్‌మోర్, ఆమె సహచరులు మరొక మార్గము చూపిరి. సన్నని దర్శిని గొట్టమును ముక్కుగుండా దింపి గ్రసనిని పైనుండి చూచు ఈ పద్ధతికి ఎక్స్-కిరణములతో పని లేదు. రోగి మంచము ప్రక్కనే చేయవచ్చును.

చిత్రము చూచినవారికి ఉపాయములు తట్టినవి. గడ్డమును రొమ్మువైపునకు వంచి మ్రింగినచో వాయునాళపు ద్వారము ఇరుకగును. ఇది ఒక ఉపాయము. నీరు వేగముగా జారుటచేతనే గదా ఈ చిక్కు అని, అందులో పిండిపదార్థమునో, బంకనో కలిపి చిక్కబరచుట మరొక ఉపాయము. చిక్కని నీరు మెల్లగా కదలును. మందగించిన గేటుకు మూసికొనుటకు వ్యవధి దొరకును. ఫిలిములో చూచినచో ఎదుటనే రుజువు. పలుచని బేరియము వాయునాళములో పడిన రోగికి చిక్కనిది తిన్నగా ఆహారవాహికలో దిగుచున్నది. ఇంతకంటె ఏమి కావలెను? అమెరికాలోను, ఐరోపాలోను ఆస్పత్రులు, వృద్ధాశ్రమములు చిక్కనినీటి డబ్బాలతో నిండినవి. రోగులు మాత్రము దానిని అసహ్యించుకొనిరి. కాఫీ అయినను, పండ్లరసమైనను, మంచినీరైనను అన్నియు జిగురుగా నాలుకకు అంటుకొనుచుండినవి, దాహము తీరినట్లుండదు. రోగి మొగము చిట్లించుట చూచి చికిత్స మానుట ఉచితము కాదని వైద్యులు ఊరకుండిరి. చేదుమందు త్రాగించుట వైద్యమునకు కొత్త గాదు గదా.

కాని ఫిలిములో సరిగా కనబడుట వేరు, రోగి బాగుపడుట వేరు. ఈ రెండవదానిని పరీక్షించుటకు అమెరికాలో ఒక పెద్ద పరిశోధన తలపెట్టబడినది. లోగెమన్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జోఆన్ రాబిన్స్ దీనికి నాయకత్వము వహించిరి. తాము ఎన్నో ఏండ్లుగా బోధించిన చికిత్సనే తాము పరీక్షకు పెట్టుకొనిన ఈ ధైర్యము మెచ్చదగినది. 1998 నుండి 2005 వరకు రోగులను చేర్చుకొనిరి. అందరును కంపవాతముతోనో, డిమెన్షియాతోనో, రెంటితోనో బాధపడువారు; వయస్సు 50 నుండి 95 వరకు; పలుచని ద్రవము వాయునాళములో పడుచున్నట్లు ఫిలిములో తేలినవారు.

మొదటి భాగములో 711 మందికి మూడు ఉపాయములను ఫిలిము ముందు పరీక్షించిరి. గడ్డము వంచి పలుచని ద్రవము మ్రింగినప్పుడు నూటికి 68 మందిలో అది ఇంకను దారి తప్పుచునే ఉన్నది. మామిడిరసమంత చిక్కని ద్రవముతో ఆ సంఖ్య 63. తేనె అంత చిక్కనిదానితో 53. అనగా చిక్కదనము పెరిగినకొలది ఫలితము మెరుగైనది. అయినను సుమారు సగముమందికి మూడింటిలో ఏదియు పనిచేయలేదు. ఇంతవరకు అనుకొన్న దారినే నడచినది.

రెండవ భాగము వేరు. మూడు ఉపాయములును సమముగా పనిచేసినవారు, లేక సమముగా విఫలమైనవారు మొత్తము 515 మందిని తీసికొని, ఎవరికి ఏ ఉపాయమన్నది చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించి, మూడు నెలలు గమనించిరి. ఇచ్చట లెక్కించినది ఫిలిములోని నీడలను కాదు, వచ్చిన న్యుమోనియాలను. మొత్తముమీద 52 మందికి, అనగా నూటికి సుమారు 10 లేక 11 మందికి జబ్బు చేసినది. గడ్డము వంచినవారిలో నూటికి 9.8, మామిడిరసపు చిక్కదనము పొందినవారిలో 8.4, తేనె చిక్కదనము పొందినవారిలో 15.0. ఈ తేడాలు కాకతాళీయము కావచ్చునని గణితశాస్త్రము హెచ్చరించుచున్నది గనుక, తేనె చిక్కదనము హాని చేసినదని నిశ్చయముగా అనరాదు. ఫిలిములో అన్నిటికంటె ముందున్నది ఇచ్చట ముందు నిలువలేదన్నంతవరకు అనవచ్చును. అంతకంటె ఆలోచింపదగినది మరొకటి ఉన్నది. న్యుమోనియా వచ్చినవారు ఆస్పత్రిలో గడపిన దినములలో మధ్యసంఖ్య మామిడిరసము గుంపులో 4. తేనె గుంపులో 18. పలుచని నీరు ఊపిరితిత్తులనుండి కొంత తొలగిపోగలదు. బంకవంటి ద్రవము ఒకసారి దిగినచో వదలుట కష్టమని దీనికి కారణము ఊహించుచున్నారు.

ఇంకొక లెక్క కలదు. చిక్కని ద్రవములు పొందినవారిలో నూటికి 6 మందికి శరీరములో నీరు తరిగిపోయినది. గడ్డము వంచినవారిలో 2. మూత్రమార్గపు జబ్బులు నూటికి 6, అటువైపు 3. కారణము కనుగొనుటకు గొప్ప శాస్త్రము అక్కరలేదు. ఇష్టము లేని పానీయమును మనిషి తక్కువగా త్రాగును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదని సామెత. ఇచ్చట ఉన్న నాలుక పూర్తిగా ఊడలేదు గాని, సామెత చెప్పినవారు గొంతు వైద్యులను ఎరిగినవారేమో అనిపించును.

ఈ పరిశోధనలో ఒక లోటు కలదు. ఏ ఉపాయమును లేక మామూలు నీరు త్రాగిన గుంపు ఇందులో లేదు. అప్పటికి అందరును నమ్మిన చికిత్సను కొందరికి నిరాకరించుట ధర్మము కాదని పరిశోధకులు భావించుట అర్థము చేసికొనదగినదే. అయినను ఆ గుంపు లేనందున చిక్కబరచుట ఏమియు చేయకుండుటకంటె మేలా అను మూలప్రశ్న మిగిలిపోయినది.

తేనె చిక్కదనమన్నది కూడ ఒక చిక్కే. ఎవరి తేనె? పుట్టతేనె యొకటి, అంగడితేనె యొకటి. చలికాలపు తేనె యొకటి, ఎండకాలపు తేనె యొకటి. ఒక ఆస్పత్రిలో చిక్కనిది మరొక ఆస్పత్రిలో పలుచన. ఈ గందరగోళమును తీర్చుటకు 2013లో ఒక అంతర్జాతీయ సంఘము ఏర్పడి, ఆహారపానీయములకు 0 నుండి 7 వరకు మెట్లు నిర్ణయించినది. మామూలు నీరు 0. పానీయపు మెట్టు తెలిసికొనుటకు వారు చెప్పిన పరీక్ష వంటింటిలో చేయదగినది. 10 మిల్లీలీటర్ల సిరంజి సూది తీసివేసి, క్రింది రంధ్రము వ్రేలితో మూసి, పానీయముతో నింపి, వ్రేలు తీసి పది సెకనులు కారనీయవలెను. ఒక మిల్లీలీటరుకంటె తక్కువ మిగిలినచో 0. ఒకటినుండి నాలుగు మిగిలినచో 1. నాలుగునుండి ఎనిమిది మిగిలినచో 2. అంతకు మించి మిగిలినచో 3. బొత్తిగా కారకున్నచో 4. సిరంజిలన్నియు ఒక్క కొలతవి కావు. 0 నుండి 10 గీటువరకు 61.5 మిల్లీమీటర్ల పొడవున్నదే ఈ పరీక్షకు పనికివచ్చును. రాగిజావ వేడిగా ఉన్నప్పుడు ఒక మెట్టున ఉండి, చల్లారి గట్టిపడిన తరువాత మరొక మెట్టునకు పోవును గనుక, రోగి త్రాగు వేడిమిలోనే పరీక్షించవలెను. పిండితో చిక్కబరచిన పానీయమునకు మరొక గుణమున్నది. లాలాజలములోని ఎమిలేజ్ అను ఎంజైము పిండిని విడగొట్టును. ఎంగిలి చెంచాను మరల గిన్నెలో ముంచినచో జావ కొద్దిసేపటికి పలుచబడుట తల్లులందరును చూచినదే. పిండికి బదులు శాంథన్ బంకను వాడినచో ఈ బాధ లేదు.

నీటిని మార్చుటకు బదులు గొంతును బాగుచేయరాదా? ఈ ఆలోచనతో నడచిన పరిశోధనలు కొన్ని ఆశాజనకముగా ఉన్నవి. రెజా షేకర్ అను వైద్యుడు అమెరికాలో ప్రతిపాదించిన వ్యాయామము మిక్కిలి సులువు. వెల్లకిల పరుండి, భుజములు లేవకుండ తల మాత్రమెత్తి కాలివ్రేళ్ళను చూడవలెను. నిమిషమేసి చొప్పున మూడుసార్లు అట్లే నిలుపవలెను. తరువాత ముప్పదిసార్లు ఎత్తి దించవలెను. ఇట్లు దినమునకు మూడుమార్లు, ఆరు వారములు. స్వరపేటికను పైకి లాగు కండరములు దీనిచే బలపడి, ఆహారవాహిక నోరు బాగుగా తెరచుకొనును. 2002లో వెలువడిన పరీక్షలో గొట్టము ద్వారా మాత్రమే ఆహారము పొందుచున్న 27 మంది రోగులలో కొందరికి ఈ వ్యాయామము, కొందరికి పేరుకు మాత్రమే ఒక వ్యాయామము చేయించిరి. రెండవ గుంపులో మార్పు రాలేదు. వారిచే కూడ నిజమైన వ్యాయామము చేయించిన తరువాత మొత్తము 27 మందియు నోటితో తినగలిగిరి. సంఖ్య చిన్నది, మెడ గట్టిపడిన ముసలివారికి ఈ వ్యాయామము కష్టము. అయినను ఫలితము తోసివేయదగినది కాదు.

2006లో ఆస్ట్రేలియానుండి వెలువడిన పరిశోధన ఇంకను పెద్దది. పక్షవాతము వచ్చిన 306 మందిని మూడు సమభాగములుగా చేసి, ఒక భాగమునకు మామూలు శుశ్రూష, తక్కిన రెండింటికి క్రమబద్ధమైన మ్రింగుడు చికిత్స చేయించిరి. ఆరు నెలల తరువాత బ్రదికియుండి మామూలు భోజనము చేయుచున్నవారు మొదటి భాగమున నూటికి 56. చికిత్స పొందినవారిలో 67. నోటి, గొంతు క్యాన్సరులకు కిరణచికిత్స పొందువారి విషయమున కూడ ఇట్టిదే అనుభవము. కిరణములు పడిన కండరములు బిగుసుకొనిపోవును. 2012లో వెలువడిన 58 మంది రోగుల పరీక్షలో, కిరణచికిత్స జరుగుచున్న దినములలోనే గొంతు వ్యాయామములు చేసినవారి కండరములు తక్కినవారికంటె తక్కువగా క్షీణించినట్లు చిత్రములలో కనబడినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్ట నిప్పువైపు నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగు అలవాటు అంగిలి క్యాన్సరుకు దారితీయునని చాలకాలమునుండి తెలిసినదే గనుక, ఈ పరిశోధన తెలుగువారికి దూరపు సంగతి కాదు.

నోటితో ఏదియు ఇచ్చుటకు వీలులేని రోగికి గొట్టమే శరణ్యము. ముక్కుగుండా జీర్ణాశయమునకు దింపు గొట్టము పాతది. పొట్టపై చిన్న రంధ్రము చేసి గొట్టము అమర్చు సులభపద్ధతిని 1979లో అమెరికా వైద్యులు గాడరర్, పాన్‌స్కీ మొదలుపెట్టిరి. ముక్కుగొట్టముకంటె సుఖమైనది, చూచుటకు బాగున్నది గనుక త్వరలో వ్యాపించినది. ఇచ్చటను చూపును నమ్మరాదని 2005లో తేలినది. ఎడింబరోకు చెందిన మార్టిన్ డెనిస్ నాయకత్వమున జరిగిన పరీక్షలో, పక్షవాతము వచ్చిన తొలిదినములలోనే పొట్టగొట్టము పెట్టబడినవారిలో మరణించినవారు లేక గట్టి అవిటితనము మిగిలినవారు, ముక్కుగొట్టము పెట్టబడినవారికంటె నూటికి సుమారు 8 మంది ఎక్కువ. మొదటి వారములలో ముక్కుగొట్టమే మేలని, దీర్ఘకాలము అవసరమైనచో పొట్టగొట్టమును తలపవలెనని వైద్యులు ఈ ఫలితమునుండి గ్రహించిరి.

విద్యుత్తుతో గొంతు నరములను మేల్కొలుపు ప్రయత్నములును జరిగినవి. ముక్కుగుండా దింపిన తీగతో గ్రసనికి స్వల్ప విద్యుత్తు తాకించుట ఆ పద్ధతి. 2016లో వెలువడిన పరీక్షలో 162 మంది పక్షవాత రోగులకు దీనివలన లాభము కనబడలేదు. 2018లో, కంఠమునకు రంధ్రము చేసి ఊపిరిగొట్టము అమర్చబడిన 69 మంది తీవ్రరోగులలో పరీక్షించినప్పుడు, విద్యుత్తు పొందిన 35 మందిలో 17 గురికి ఆ గొట్టము తీసివేయుటకు వీలైనది. పేరుకు మాత్రమే పొందిన 34 గురిలో ముగ్గురికి. ఒకే మందు ఒకచోట పనిచేయక మరొకచోట పనిచేయుటకు కారణములు ఇంకను వెదకబడుచున్నవి.

ఇన్ని యంత్రముల నడుమ అతి చవకైన సాధనమొకటి మరుగున పడినది. అది పండ్లు తోముకొను పుల్ల. 1998లో సూసన్ లాంగ్‌మోర్ బృందము 189 మంది వృద్ధులను చాలకాలము గమనించి, ఎవరికి న్యుమోనియా వచ్చునో ముందుగా తెలుపు గుర్తులను వెదకినది. మ్రింగుటలో లోపమున్నంతమాత్రమున జబ్బు రాలేదు. ఇతరులు తినిపించినగాని తినలేనివారు, నోరు ఇతరులు శుభ్రపరుపవలసినవారు, పుచ్చిపండ్లు ఎక్కువగా ఉన్నవారు, గొట్టముతో ఆహారము పొందువారు, పొగత్రాగువారు, వీరికి అపాయము ఎక్కువని తేలినది. ఊపిరితిత్తులలో దిగిన నీటిబొట్టు కంటె దానితో దిగిన నోటి సూక్ష్మజీవులు ముఖ్యమన్నమాట. జపానులో యోనెయామా అను దంతవైద్యుడు, సహచరులు 11 వృద్ధాశ్రమములలో దీనిని పరీక్షించిరి. ఒక గుంపువారికి ప్రతి భోజనము తరువాత నర్సులు పండ్లు తోమించిరి. రెండవ గుంపును మామూలుగా వదలిరి. రెండు సంవత్సరములలో న్యుమోనియా వచ్చినది మొదటి గుంపులో నూటికి 11 మందికి, రెండవదానిలో 19 మందికి. ఈ ఫలితము 2002లో వెలువడినది. చిక్కనినీటి డబ్బాలకు వచ్చిన ప్రచారములో పదోవంతు దీనికి రాలేదు. పండ్లు తోముటను అమ్మువారు ఎవరును లేరు గదా.

అమెరికాలోని లూయీవిల్ పట్టణమున ఒక చికిత్సాలయము 1984నుండియే ఈ దారిన నడచినది. భోజనముతోపాటు చిక్కని పానీయములే ఇచ్చుచు, భోజనమైన అరగంట తరువాత, నోరు బాగుగా శుభ్రము చేయించి, అడిగినంత మామూలు మంచినీరు ఇచ్చుట అక్కడి పద్ధతి. శుభ్రమైన నోటినుండి దిగిన కొద్దిపాటి స్వచ్ఛమైన నీటిని ఊపిరితిత్తులు పీల్చివేయగలవని దీని ఆధారము. పాలు, కాఫీ, పండ్లరసము అట్లు కావు. నీరు త్రాగినంతనే ఉక్కిరిబిక్కిరియై దగ్గువారికి ఈ వెసులుబాటు లేదు. దీనిని ఆస్ట్రేలియాలో పరీక్షించిన ఫలితము 2011లో వెలువడినది. మంచినీరు పొందినవారు దినమునకు మునుపటికంటె ఎక్కువ ద్రవము త్రాగిరి, సంతోషించిరి. కాని వారిలో 42 మందికి 6 గురికి ఊపిరితిత్తులలో చిక్కులు వచ్చినవి. చిక్కని ద్రవములు మాత్రమే త్రాగినవారిలో ఎవరికిని రాలేదు. ఆ ఆరుగురిని విడిగా పరిశీలించిన పరిశోధకులు, మంచమునుండి తమంతట లేవలేనివారికే ఈ అపాయము ఎక్కువని గుర్తించి, లేచి తిరుగగలిగి నోరు శుభ్రముగా ఉంచుకొనువారికి మంచినీరు ఈయవచ్చునని, కదలలేనివారికి వద్దని సూచించిరి.